రూటరు పెట్టె మీద గడువు తేదీ ఏది?

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) అధ్యక్షుల వారికి
నయాపూల్, హైదరాబాద్ నుంచి బహిరంగ లేఖ

అయ్యా,

2025 ఆగస్టు 17 రాత్రి హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే నగరంలో విద్యుత్ స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్ల తొలగింపు మొదలైంది. ఎన్నో బస్తీల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. నయాపూల్ దాటగానే మూసీ ఒడ్డున కనిపించే ఆ పాత భవనంలో, ఏ తీగకు అనుమతి ఉంది, ఏ తీగకు లేదు అన్న వాదనలు నడిచాయి. ప్రాణాల మీదికి వచ్చిన విషయం కాబట్టి ప్రభుత్వం, కోర్టు, కంపెనీలు అందరూ స్తంభం వైపు తలెత్తి చూశారు. చూడాల్సిందే.

ఆ తీగ ఇంట్లోకొచ్చి ఆగే చోట గోడకు ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాని వైపు మాత్రం ఇంతవరకు ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. ఈ లేఖ ఆ పెట్టె గురించి.

నయాపూల్‌కు ఇటు అఫ్జల్‌గంజ్, అటు మదీనా. ఇటు ఉస్మానియా ఆసుపత్రి, దాని చుట్టూ మందుల షాపులు, కాస్త దూరంలో పోటీ పరీక్షల పిల్లలతో నిండి ఉండే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. అటు హైకోర్టు, సాలార్‌జంగ్ మ్యూజియం, పత్తర్‌గట్టి బట్టల దుకాణాలు, ఇంకా ముందుకెళితే చార్మినార్, లాడ్‌బజార్ గాజులు. ఈ రెండు ఒడ్డుల వెనక సందుల్లో చాలామందికి ఇల్లే దుకాణం, ఇల్లే బడి, ఇల్లే ఆఫీసు. బట్టల ఫొటోలు వాట్సాప్‌లో జిల్లాల వ్యాపారులకు వెళ్లేది ఆ ఇళ్ల నుంచే. మర్నాటి వాయిదాల జాబితాను జూనియర్ లాయరు రాత్రిపూట చూసుకునేది అక్కడే. గల్ఫ్‌లో పనిచేస్తున్న మనిషి ఇంటివాళ్ల ముఖం చూసేది ఆ తీగ మీదే.

అలాంటి ఇంట్లో నెట్ ఆగితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతోందా లేదా అని ఒకరు చూస్తారు. ఎర్రలైటు ఉంటే తీగ తెగింది, కేబులాయన రావాలి. లేకపోతే ఫోన్‌లో వచ్చే సలహా ఒక్కటే: స్విచ్ ఆపి మళ్లీ వెయ్యండి. వేస్తే కాసేపు పనిచేస్తుంది, మధ్యాహ్నం ఎండ ముదిరాక మళ్లీ ఆగుతుంది. కొన్నాళ్లకు ఇంటిల్లిపాదీ దానికి అలవాటు పడిపోతారు. తప్పు తీగది కాదు, ప్లానుది కాదు. పెట్టెది. కానీ ఆ సంగతి బిల్లులో ఉండదు, ఫిర్యాదు నంబర్లో ఉండదు.

మీ సంస్థ ఈ రంగంలో చేసిన పని చిన్నది కాదు. సేవల నాణ్యత మీద 2024లో తెచ్చిన నిబంధనలు ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అదే నెలలో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలూ తెచ్చారు. అంటే నెట్‌వర్క్ నాణ్యత గడప లోపల కూడా ముఖ్యమేనని ట్రాయ్ ఒప్పుకున్నట్టే. ఇక మిగిలింది గోడ మీది పెట్టె.

ముందుగా, అందులో ఏముందో చూద్దాం. ఇవాళ ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే పెట్టె ఒకటే అయినా చేసే పనులు మూడు. గాజు తీగలో వచ్చే వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చడం మొదటిది. దీన్ని చేసే భాగాన్ని ఓఎన్‌టీ అంటారు. ఇంట్లోని ఫోన్లు, టీవీ, కంప్యూటర్లన్నిటికీ చిరునామాలిచ్చి, బయటి నుంచి వచ్చే దాడులను ఆపి, లోపలికీ బయటికీ డేటాను నడిపించడం రెండోది. అసలు రూటరు అంటే ఇదే. గాలిలో సిగ్నల్ పంచడం మూడోది, అది వైఫై. మూడింటినీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో కుక్కితే చవక అవుతుంది, గోడ మీద తక్కువ చోటు పడుతుంది. అయితే ఒక్కటి పాతబడినా మూడూ పాతబడినట్టే. వైఫై కొత్త ప్రమాణం కావాలంటే మొత్తం పెట్టె మార్చాలి. రూటరు సాఫ్ట్‌వేర్‌కు భద్రతా సవరణలు ఆగిపోతే మంచి ఓఎన్‌టీ కూడా చెత్తలోకి వెళుతుంది.

ఇంటి రూటరు కొనే మనిషి దుకాణంలో చూసేది యాంటెన్నాల సంఖ్య, అట్టపెట్టె మీది ఎంబీపీఎస్ అంకె. నమ్మకంగా ఏళ్ల తరబడి పనిచేసే హార్డ్‌వేర్‌ను ఆ రెండూ పట్టివ్వవు. దాన్ని పట్టించే సంగతులు వేరు, అవి అట్టపెట్టె మీద కనపడవు.

మొదటిది ఎండ. ఇళ్లకు అమ్మే రూటర్లలో చాలావాటి వివరాల పత్రంలో పనిచేసే ఉష్ణోగ్రత సున్నా నుంచి 40 డిగ్రీలు అని ఉంటుంది. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం నీడలోనే 42, 43 డిగ్రీలు తాకే రోజులుంటాయి. పై అంతస్తులో రేకుల కప్పు కింద, కిటికీ లేని గదిలో, టీవీ వెనక ఇరికించిన పెట్టె చుట్టూ గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. ఆ లెక్కన చల్లని దేశంలో పదేళ్లు బతకాల్సిన పెట్టె పాతబస్తీ డాబా మీద ఎన్నాళ్లుంటుందో ఊహించవచ్చు. చాలాసార్లు ముందుగా చచ్చేది రూటరు కాదు, దానికి కరెంటు ఇచ్చే అడాప్టర్. 12 వోల్టులు ఇవ్వాల్సింది తడబడుతూ ఇస్తుంటే రూటరు తనంతట తనే ఆగి మళ్లీ లేస్తుంటుంది. ఇంటివాళ్లు నెట్ కంపెనీని తిట్టుకుంటారు.

రెండోది కరెంటు ఖర్చు. రూటరు ఇంట్లో రోజుకు 24 గంటలూ నడిచే కొద్ది వస్తువుల్లో ఒకటి. 10 వాట్ల పెట్టె నెలకు 7 యూనిట్ల చిల్లర కాలుస్తుంది. మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లో రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టి దాన్నే రూటరు చేసుకోవచ్చని ఉత్సాహవంతులు చెబుతుంటారు. నిజమే, పనిచేస్తుంది. కానీ ఆ యంత్రం 60 వాట్లు లాగితే నెలకు 43 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. 170 యూనిట్ల దగ్గర జాగ్రత్తగా బతుకుతున్న కుటుంబాన్ని ఆ ఒక్క పాత కంప్యూటర్ గీత దాటించేస్తుంది. ఇంటి రూటరుకు చిన్న హార్డ్‌వేర్ కావాలనడం సరదా కోసం కాదు, ఈ లెక్క కోసం.

చిన్న పెట్టెతో ఇంకో మేలుంది. 12 వోల్టుల డీసీతో నడిచే పెట్టెకు పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు. లిథియం సెల్స్ ఉన్న చిన్న రూటర్ యూపీఎస్ చాలు. మూడు మామూలు సెల్స్‌తో సుమారు 22 వాట్-అవర్లు దాచుకునే యూపీఎస్, 10 వాట్ల పెట్టెను రెండు గంటల దగ్గరగా నడిపిస్తుంది. ఇక్కడ ఫైబర్ గొప్పతనం కూడా చెప్పాలి. ఇళ్లకు వచ్చే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో, ఎక్స్ఛేంజిలో ఉండే యంత్రానికీ ఇంట్లో ఉండే ఓఎన్‌టీకీ మధ్య సందులో ఉండే స్ప్లిటర్లకు కరెంటే అవసరం లేదు. వెలుగును పంచే గాజు ముక్కలవి, అంతే. బస్తీ అంతా చీకటైనా, అవతల ఎక్స్ఛేంజి నడుస్తూ ఇవతల పెట్టెకు బ్యాటరీ ఉంటే నెట్ ఆగదు. వీధి చివరి స్విచ్ దాకా ఫైబర్, అక్కణ్ణుంచి ఇంటికి ల్యాన్ తీగ వేసే పాత పద్ధతిలో ఈ సౌకర్యం లేదు, ఎందుకంటే ఆ స్విచ్‌కూ కరెంటు కావాలి. ఫైబర్ ఇచ్చే ఈ బలం అంతా ఇంట్లో ఎన్ని వాట్ల పెట్టె పెట్టారన్న దాని మీద ఆధారపడి ఉంది.

మూడోది గోడలు. పాతబస్తీ ఇళ్లలో రాయీ డంగుసున్నంతో కట్టిన గోడలు ఇంకా ఉన్నాయి. 5 గిగాహెర్ట్జ్ వైఫై అలాంటి గోడను దాటడానికి ఆపసోపాలు పడుతుంది. ఎనిమిది యాంటెన్నాల పెట్టె కొన్నంత మాత్రాన ఫలితం ఉండదు, ఎందుకంటే ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చో దానికి చట్టపరమైన పరిమితి ఉంది. పరిష్కారం సాదా సీదాగా ఉంటుంది. రూటరు ఒక మూల ఉండనివ్వాలి, లోపలి గదికి ఒక ల్యాన్ తీగ లాగి, అక్కడ చిన్న వైఫై యాక్సెస్ పాయింట్ పెట్టాలి. ఈ పనికి రూటరుకు మంచి తీగ పోర్టులుండాలి, దాని వైఫై ఎంత పెద్దదన్నది కాదు ముఖ్యం.

నాలుగోది క్యూ. ఒక గదిలో పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగా ఇంకో గదిలో దుకాణం ఫొటోలు రెండొందలు ఒకేసారి అప్‌లోడ్ అవుతుంటే, క్లాసు మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ప్లాను 100 ఎంబీపీఎస్ అయినా ఇదే తంతు. రూటరు తన దగ్గర డేటాను పెద్ద వరుసలో పోగేసి, క్లాసు మాటను ఫొటోల వెనక నిలబెట్టడమే కారణం. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతి 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8290గా అచ్చయింది. దాని తర్వాతి తరం కేక్ అదే ఏడాది లినక్స్ కెర్నల్‌లో చేరింది. రెండూ ఉచితం. వాటిని నడపడానికి కాస్త చురుకైన ప్రాసెసర్, వాటిని ఆన్ చేసుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. కనెక్షన్‌తో ఇచ్చే పెట్టెల్లో ఆ మీట సాధారణంగా వినియోగదారుడి చేతికి అందదు.

అన్నిటికంటే బరువైనది ఐదోది: పెట్టెలోని సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు ఎన్నేళ్లు వస్తాయి?

2016లో మిరాయి అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రూటర్లను చేజిక్కించుకుని ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద సైట్లనే ఆపేసింది. అదే ఏడాది నవంబరులో దాని ఇంకో రూపం జర్మనీలో డాయిచె టెలికాం కస్టమర్ల రూటర్ల మీద పడింది. సుమారు 9 లక్షల కనెక్షన్లు దెబ్బతిన్నాయి. కంపెనీ దూరం నుంచి రూటర్లను సర్దడానికి వాడే తలుపునే ఆ దాడి తట్టింది. 2017 జులైలో మన దేశంలోనే బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌ల మీద మాల్‌వేర్ దాడి జరిగింది. ఫ్యాక్టరీ పాస్‌వర్డుతోనే నడుస్తున్న మోడెమ్‌లు దెబ్బతిన్నాయి, పాస్‌వర్డు మార్చుకోమని సంస్థ కస్టమర్లను కోరింది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో 5 లక్షల రూటర్లలో దూరితే, ఇళ్లలో రూటర్లను ఆపి మళ్లీ వేయమని ఎఫ్‌బీఐ ప్రజలను కోరాల్సి వచ్చింది. 2025 మేలో అదే ఎఫ్‌బీఐ, తయారీదారు సవరణలు ఆపేసిన పాత రూటర్లను నేరగాళ్లు తమ అడుగుజాడలు దాచుకోవడానికి వాడుకుంటున్నారని హెచ్చరించి, 13 మోడళ్ల పేర్లు బయటపెట్టింది. అవి పనిచేయక కాదు, వాటి గడువు తీరినందుకు. లైట్లు చక్కగా వెలుగుతూనే ఉంటాయి.

ఉస్మానియా ఆసుపత్రి ఎదుట ఏ మందుల షాపుకెళ్లినా పది రూపాయల గోలీల పట్టీ మీద గడువు తేదీ అచ్చు వేసి ఉంటుంది. ఇంటిల్లిపాది బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువు, కెమెరా దృశ్యాలు అన్నీ దాటివెళ్లే పెట్టె మీద ఆ తేదీ ఉండదు.

ఇలా ఉండనక్కర్లేదని చూపించే హార్డ్‌వేర్ ప్రపంచంలో ఉంది. స్విట్జర్లాండ్‌లో పీసీ ఇంజిన్స్ అనే చిన్న సంస్థ ఏపీయూ2 అనే బోర్డు తయారు చేసేది. నాలుగు కోర్ల ఏఎండీ ప్రాసెసర్, మూడు ఇంటెల్ నెట్‌వర్క్ పోర్టులు, 12 వోల్టులు, పదికి అటూ ఇటూగా వాట్లు. ఫ్యాన్ లేదు, అల్యూమినియం పెట్టె అడుగే వేడిని బయటికి లాగేస్తుంది. తిరిగే భాగమే లేదు కాబట్టి అరిగేదీ దుమ్ము పట్టేదీ లేదు. అది ఖాళీ బోర్డు, అందులో ఓపీఎన్‌సెన్స్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటరు సాఫ్ట్‌వేర్లలో ఏది వేసుకుంటారో కొన్నవాళ్ల ఇష్టం. 2023లో ఆ సంస్థ ఆ వరుసకు ముగింపు ప్రకటించింది. అయినా అందులో నడిచే సాఫ్ట్‌వేర్ ఆ సంస్థ చేతిలో లేదు కనుక, అమ్మకం ఆగినంత మాత్రాన భద్రతా సవరణలు ఆగలేదు. నమ్మకమైన హార్డ్‌వేర్‌ను గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు: తయారు చేసినవాడు తప్పుకున్నా అది బతుకుతుందా?

చెక్ దేశంలో డాట్ సీజెడ్ డొమైన్ పేర్లను నిర్వహించే సీజెడ్.నిక్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2016లో టురిస్ ఆమ్నియా అనే రూటరు తెచ్చింది. దాని ప్రత్యేకత వేగం కాదు. ఇంటివాళ్లు ఏమీ చేయకుండానే భద్రతా సవరణలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. 2024 నవంబరులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు తన పేరుతోనే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే చిన్న రూటరును విడుదల చేసింది. విడుదలైనప్పుడు పెట్టెతో కలిపి ధర 89 డాలర్లు. ఒక గిగాబైట్ ర్యామ్, ఒక 2.5 గిగాబిట్ పోర్టు, ఒక 1 గిగాబిట్ పోర్టు. అందులో రెండు వేరువేరు ఫ్లాష్ మెమరీలున్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చబోయి ఒకటి పాడైపోయినా రెండోదాని సాయంతో పెట్టెను మళ్లీ లేపవచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోవడం మామూలైన చోట ఈ ఒక్క గుణం యాంటెన్నాలన్నిటికీ సాటి.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ చరిత్రలో హార్డ్‌వేర్ కొనేవాళ్లకు ఇంకో పాఠముంది. ఆ ప్రాజెక్టు 2004లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం రంగు రూటరు మీద పుట్టింది. ఆ కాలపు పెట్టెల్లో 4 మెగాబైట్ల ఫ్లాష్ ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ భద్రతా కోడ్ పెరిగింది, చివరికి 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల ర్యామ్ ఉన్న పెట్టెలను ప్రాజెక్టు వదులుకోక తప్పలేదు. యంత్రం చెడలేదు, దానిలో చోటు చాల్లేదు. తయారీలో నాలుగు మెగాబైట్ల మెమరీ మిగుల్చుకోవడం కొనుగోలుదారుడికి కొత్త రూటరు ఖర్చయింది. ఇప్పుడు కొనేవాళ్లకు కనీసం 128 మెగాబైట్ల ఫ్లాష్, 256 మెగాబైట్ల ర్యామ్ ఉంటే మనసు నిమ్మళంగా ఉంటుంది.

ఇవన్నీ విదేశాల మాటలని తోసేయడానికి వీల్లేదు. మన దేశం ఈ పని ఒకసారి అద్భుతంగా చేసి చూపించింది. 1984లో పుట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్, గ్రామాల కోసం 128 లైన్ల చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిని రూపొందించింది. అప్పటి విదేశీ ఎక్స్ఛేంజిలకు ఏసీ గది ఉండాలి. సీ-డాట్ ఇంజనీర్లు మన ఎండను, మన దుమ్మును, మన కరెంటును ముందు పెట్టుకుని ఏసీ అక్కర్లేని యంత్రాన్ని గీశారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది మొదలై ఊరూరికీ పాకింది. ఆ ఎక్స్ఛేంజి అన్నిటికంటే వేగవంతమైనదేమీ కాదు. కానీ పెట్టబోయే చోటును బట్టి గీసింది. అదే సీ-డాట్ తర్వాత జీపాన్ పరికరాలనూ తయారు చేసింది. ఎండాకాలపు డాబా గదిలో నాలుగు కాలాలపాటు నడిచే ఇంటి రూటరును రూపొందించే సత్తా ఈ దేశానికి లేదని ఎవరూ అనలేరు. అడిగేవారు లేకపోవడమే లోటు.

అడగాల్సింది మీరే. తనంతట తానుగా సిఫార్సులు చేసే అధికారాన్ని 1997 నాటి చట్టమే ట్రాయ్‌కి ఇచ్చింది. ఆ అధికారంతో ఇంటి పెట్టె మీద ఒక సంప్రదింపు పత్రం వెలువరించాలని ఈ లేఖ కోరుతోంది. అందులో నాలుగు విషయాలుండాలి.

మొదటిది తేదీ. కనెక్షన్‌తో ఇచ్చే ప్రతి పెట్టె మీద, దుకాణంలో అమ్మే ప్రతి రూటరు మీద, భద్రతా సవరణలు ఏ తేదీ దాకా వస్తాయో అచ్చు వేయాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి వస్తువులకు సవరణల కాలం చెప్పడం తప్పనిసరి. అందరికీ తెలిసే ఫ్యాక్టరీ పాస్‌వర్డులూ అక్కడ నిషిద్ధం. ఐరోపా సమాఖ్య సైబర్ రెసిలియన్స్ చట్టం ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి అమల్లోకి వస్తాయి. అందులో సాధారణంగా కనీసం ఐదేళ్ల సవరణల హామీ ఉంది. మన టెలికాం శాఖ ఇప్పటికే ఇంటి వైఫై పెట్టెలను తప్పనిసరి పరీక్షల పరిధిలోకి తెచ్చింది. ఆ పరీక్ష అమ్మకానికి ముందు జరిగేది. ఇంట్లో మూడో ఏడాది, ఐదో ఏడాది ఏమవుతుందో చెప్పే తేదీ దానికి తోడు కావాలి. తేదీ దాటాక కంపెనీ పెట్టెను కంపెనీయే ఉచితంగా మార్చాలి.

రెండోది ఎంపిక. సొంత రూటరు పెట్టుకుంటానన్న వినియోగదారుడికి, ఓఎన్‌టీని వెలుగు మార్చే పనికే పరిమితం చేసే బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చి, లాగిన్ పేరు, పాస్‌వర్డు, వీల్యాన్ నంబరు కాగితం మీద రాసిచ్చే బాధ్యత సర్వీసు సంస్థలకు ఉండాలి. సొంత రూటరు పెట్టుకునే హక్కు జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి చట్టం. అమెరికాలో 1968లోనే కార్టర్‌ఫోన్ కేసులో టెలిఫోన్ కంపెనీ తీగకు ఇతరుల పరికరం తగిలించే హక్కు వచ్చింది. మోడెమ్‌లు ఇళ్లలోకి రావడానికి దారి తెరిచింది ఆ తీర్పే.

దీనికి కంపెనీల అభ్యంతరం ఒకటుంది, అందులో నిజం ఉంది. జీపాన్‌లో ఒకే తీగను 32 ఇళ్లు, 64 ఇళ్లు పంచుకుంటాయి. తన వంతు కాని సమయంలో వెలుగు పంపే చెడ్డ ఓఎన్‌టీ ఒక్కటున్నా సందు మొత్తానికి నెట్ పోతుంది. అందుకే ఈ లేఖ ఓఎన్‌టీని కంపెనీ చేతిలోంచి లాక్కోమనడం లేదు. వెలుగు దాకా కంపెనీది, ఆ తర్వాతి రూటరు, వైఫై ఇంటివాళ్లవి. హద్దు ఇలా గీస్తే ఫిర్యాదు వచ్చినప్పుడు తప్పు ఎవరిదో తేల్చడం కూడా సులువవుతుంది.

మూడోది వివరం. ఎన్ని డిగ్రీల దాకా పనిచేస్తుంది, ఎన్ని వాట్లు కాలుస్తుంది, అడాప్టర్ ఎన్ని వోల్టులు ఎన్ని ఆంపియర్లు, మెమరీ ఎంత, తీగ పోర్టులు ఎన్ని అన్నవి అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో, రాష్ట్ర భాషలో ఉండాలి. ఫ్రిజ్ కొనేవాళ్లు నక్షత్రాలు చూసి కొనే స్థాయికి దేశాన్ని తెచ్చినవాళ్లం, రూటరుకు అయిదు పంక్తులు రాయలేమా?

నాలుగోది ప్రభుత్వ కొనుగోలు. 2023లో కేంద్రం, గ్రామాలకు ఫైబర్ వేసే భారత్‌నెట్ పథకాన్ని సవరించి దానికి 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ తీగ వేసుకుంటూ వెళ్లారు, ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ ఇంటింటికీ పెట్టెలిచ్చింది. ఇంత ప్రజాధనంతో కొనే పెట్టెల టెండర్లలో అతి తక్కువ ధరతో పాటు 50 డిగ్రీల వేడిని తట్టాలని, ఐదేళ్ల సవరణలు ఇవ్వాలని రెండు షరతులు చేరిస్తే చాలు, బజారంతా దారికి వస్తుంది. ప్రభుత్వం కొనే నాణ్యతే నెమ్మదిగా దుకాణంలోనూ దొరుకుతుంది.

మీ పత్రం వచ్చేలోగా నయాపూల్ ఇళ్లవాళ్లు ఊరికే కూర్చోనక్కర్లేదు. రూటరు కొనేముందు ఆ మోడల్ పేరు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మద్దతిచ్చే జాబితాలో ఉందో లేదో ఫోన్‌లో చూసుకోవచ్చు. ఉంటే కంపెనీ వదిలేసినా దిక్కు ఉంటుంది. ఫ్యాన్ లేనిది, 12 వోల్టులది ఎంచుకోవాలి. పెట్టెను టీవీ వెనక నుంచి తీసి గాలాడే చోట, గోడకు నిలువుగా తగిలించాలి. నెట్ తరచూ ఆగిపోతుంటే రూటరు మార్చేముందు సరైన ఆంపియర్ల కొత్త అడాప్టర్‌తో ఒకసారి చూడాలి. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులు రూటరుగా వాడాలనుకునే కుర్రాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి: దానికున్న తీగ పోర్టు ఒక్కటే, రాతలు ఎక్కువైతే ఎస్‌డీ కార్డు అరిగిపోతుంది. రెండు పోర్టులున్న చిన్న బోర్డు ఆ పనికి మేలు. సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో కొనేటప్పుడు దుకాణదారుణ్ణి ఒక్క ప్రశ్న అడగాలి: దీనికి ఆఖరి అప్‌డేట్ ఎప్పుడొచ్చింది? పదిమంది అడిగితే పదకొండోవాడికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

అయితే ఒక్కో ఇల్లు తన తెలివితో తనను తాను కాపాడుకోవాలని వదిలేయడం నియంత్రణ కాదు. నల్లా నీళ్ల నాణ్యత చూసే బాధ్యత ఇంటి ఇల్లాలికి ఎవరూ అప్పగించలేదు. స్తంభాల మీది తీగల కోసం కోర్టు కూర్చుంది, ఎందుకంటే అప్పటికే ఐదుగురు పోయారు. గోడ మీది పెట్టె విషయంలో ప్రమాదం జరిగేదాకా ఆగాల్సిన పని లేదు. అధ్యక్షుల వారూ, ఈ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఇంటి రూటర్ల మీద సంప్రదింపు పత్రం వెలువరించండి. దానిని తెలుగులోనూ, ఉర్దూలోనూ ఇవ్వండి. హైదరాబాద్‌లో బహిరంగ చర్చ పెట్టి, పాతబస్తీ వినియోగదారులనూ, సందు సందునా తీగలు లాగే కేబుల్ కార్మికులనూ పిలిచి వారి మాట వినండి.

ఇట్లు,
నయాపూల్ నుంచి ఒక ఇంటర్నెట్ వినియోగదారుడు